అందరికీ ఒకటే చార్టు. నాయినకు విడిగా కేర్ ప్లాన్ ఎట్ల రాయించాలె?

చిట్యాల చందు
నాయినను వానకాలంల నల్లగొండ దగ్గర ఒక ప్రైవేటు కేర్ హోమ్‌ల చేర్పించినం. వయసు 74. ఎడమ పక్క పక్షవాతం. షుగర్‌కు రెండు పూటల ఇన్సులిన్. మాది మర్రిగూడ దిక్కు కాబట్టి పైన ఫ్లోరైడ్ నీళ్లతోని బిగుసుకుపోయిన నడుము. మెడ తిరగదు, వెల్లకిల పండుకోలేడు. ఈ మధ్య మతిమరుపు కూడ మొదలైంది.

అక్కడ గోడకు ఒక చార్టు ఉంటది. పొద్దున ఐదున్నరకు లేపుడు, ఆరింటికి స్నానం, ఎనిమిదింటికి ఇడ్లీ, సాయంత్రం ఆరున్నరకు అన్నం, ఎనిమిదింటికి లైట్లు బంద్. నడిచేటోళ్లకూ అదే, మంచంల ఉన్నోళ్లకూ అదే. మొన్న రాత్రి చెమటలు పట్టి, పిలిస్తే పలకలేదంట. చూస్తే షుగర్ 48. ఆ పూట అన్నం సగం కూడ తినలేదు, సూది మాత్రం మొత్తం డోసు వేసిండ్రు. ఇంకో దినం ఆయా ఒక్కతే చెయ్యి పట్టి గుంజి పక్కకు తిప్పింది, అది పడిపోయిన చెయ్యే. అడిగితే మేనేజరు "అందరికీ ఒకటే పద్ధతి సార్, మీ ఒక్కరికి వేరే చెయ్యలేం" అన్నడు.

వాళ్లు చెడ్డోళ్లు కాదు. కసురుకోరు, బట్టలు శుభ్రంగ ఉంటయి. కాని మా నాయినకు ఉన్న నాలుగు రోగాలు ఒకదానికొకటి అడ్డం తగులుతుంటే, ఆ నాలుగింటిని కలిపి చూసే మనిషి అక్కడ లేడు. ఒక్కొక్కరికి విడిగా ప్లాన్ రాసే పద్ధతి మన దిక్కు ఎక్కడన్న ఉన్నదా? నేను ఏం అడగాలె, ఎట్ల అడగాలె?

కోదాడ కుర్రోడు
నెలకు ఎంత కడుతున్నరన్నా?

చిట్యాల చందు
ఇరవై రెండు వేలు. డైపర్లు, మందులు మావే.

జడ్చర్ల జంక్షన్
ఎంత కట్టినా బయటోళ్లు బయటోళ్లే. ఇంటికి తెచ్చుకోండి. మా తాత మంచాన పడితే పోయేదాక మా అమ్మే చూసింది. ఏ చార్టు లేదు, ఏ ప్లాన్ లేదు.

వనపర్తి వాణి
జంక్షన్ గారూ, మీ అమ్మ చూసింది సరే, మీ అమ్మకు ఎవరు తోడున్నరో కూడ రాయండి. మా ఊర్ల సగం ఇండ్లు పుణె, ముంబై పోయినయి. డెబ్బై ఏండ్ల ఆయనకు అరవై ఐదేండ్ల ఆమె డైపర్ మారుస్తుంది, ఆమె నడుము కూడ పోతుంది. చందు అన్న ఎక్కడ పెట్టాలె అని అడుగుతలేడు. ఉన్నచోట సక్కగ ఎట్ల చూపించుకోవాలె అని అడుగుతుండు.

నర్సక్క ఒహాయో
మిర్యాలగూడ పిల్లను, ఇక్కడ ముసలోళ్ల నర్సింగ్ హోమ్‌ల చాన ఏండ్ల నుంచి పని చేస్తున్న.

చందు తమ్మీ, మిగతావన్నీ తర్వాత. షుగర్ 48 అయింది అంటే రేపటి పని అదే. డాక్టర్ దగ్గరికి పోయి ఆయన చేత్తోనే రాయించు: అన్నం తినని పూట సూది సంగతి ఏంది, షుగర్ ఎంతకు పడిపోతే ఏం చెయ్యాలె, ఎవరికి ఫోన్ కొట్టాలె. మామూలుగ 70 లోపల పడితే, మెలకువతో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల చక్కెర గాని గ్లూకోజు గాని ఇచ్చి పావుగంటకు మళ్లీ చూడాలె. పలకని మనిషి నోట్ల మాత్రం ఏదీ పొయ్యొద్దు, ఊపిరితిత్తులల్లకు పోతది. 108కు ఫోన్ చెయ్యాలె. ఈ నాలుగు మాటలు రాత్రి డ్యూటీ ఆమెకు నోటికి రావాలె.

ఇక ప్లాన్ సంగతి. అమెరికాల 1987ల దీనికి చట్టం వచ్చింది. తర్వాత వచ్చిన నియమం ప్రకారం మనిషి చేరిన 48 గంటల్లోపల మొదటి ప్లాన్ రాయాలె. పడిపోయే ప్రమాదం, మందులు, తిండి, ఇట్లాంటి తక్షణం కావాల్సినవి అందుల ఉంటయి. 14 రోజుల్లోపల తల నుంచి కాలి దాక పూర్తి పరీక్ష. అది అయినంక 7 రోజుల్లోపల పూర్తి ప్లాన్. మూడు నెలలకోసారి మళ్లీ చూడాలె, మధ్యల మనిషి పరిస్థితి మారితే అప్పుడే చూడాలె. కూసుండి రాసేటోళ్లల్ల డాక్టరు, నర్సుతోపాటు రోజూ ఒళ్లు కడిగే ఆయా, వంటింటి మనిషి, ఆ ముసలాయన, ఇంటోళ్లు కూడ ఉండాలె. నాకైతే ఈ ఆఖరి మాటే అన్నిటికన్న ముఖ్యం అనిపిస్తది.

ప్లాన్‌ల "షుగర్ జాగ్రత్తగా చూడవలెను" అని రాస్తే ఆ కాగితంతోని ఎవరికీ పని లేదు. ఎవరు, ఏ టైంకు, ఏం చెయ్యాలె, అది కాకపోతే ఏం చెయ్యాలె అని ఉండాలె.

పాలమూరు పద్మ
మహబూబ్‌నగర్‌ల ఒక హోమ్‌ల మేనేజరుగ చేస్తున్న, మా వైపు మాట కూడ వినండి.

మా దగ్గర ముప్ఫై నాలుగు మంది. రాత్రి ఇద్దరు ఆయాలు, ఒక నర్సమ్మ. అందుల పదకొండు మంది పూర్తిగ మంచంల. నర్సక్కా, మీరు చెప్పినట్టు ఒక్కొక్కరికి ఫైలు రాస్తే అది బీరువాల ఉంటది. రాత్రి రెండింటికి బీరువ తెరిచి చదివేది ఎవరు? మా ఆయాలల్ల ఇద్దరికి చదువు రాదు, కాని వాళ్లకు తెలిసినంత నాకు కూడ తెల్వదు.

ఇంకోటి, ఇంటోళ్లు. చేర్పించేటప్పుడు "ఏం లేదు మేడం, జర షుగర్ అంతే" అంటరు. ఫిట్స్ వస్తయని చెప్పరు, రాత్రి లేచి బయటికి పోతడని చెప్పరు. చెప్తే చేర్చుకోరని భయం. తర్వాత పెద్ద కొడుకు ఒక డాక్టర్‌కు చూపిస్తడు, చిన్న బిడ్డ ఇంకో డాక్టర్‌కు చూపించి వాట్సప్‌ల చీటి ఫొటో పెడ్తది. రెండు చీటీలల్ల ఒకటే మందు రెండు పేర్లతోని ఉంటది. అప్పుడు మేమేం చెయ్యాలె?

వనపర్తి వాణి
పద్మక్క చెప్పింది నిజం. మా మేనత్తను చేర్పించినప్పుడు కల్లు అలవాటు సంగతి ఇంట్ల ఎవరూ చెప్పలే. పరువు అన్నరు. మూడో రోజుకు చేతులు వణుకుడు, గోడ మీద పాములు కనబడుతున్నయని అరుసుడు. హోమోళ్లు పిచ్చి అనుకున్నరు. మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రికి తీస్కపోతే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న కల్లు గురించే.

మందులషాపు రవి
వాణి గారు, మీరు రాసింది పాలమూరు, నల్లగొండల ప్రతి హోమ్ గోడకు రాసి పెట్టాలె. కల్తీ కల్లుల అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతరు. ఏండ్ల తరబడి రోజూ తాగిన మనిషికి ఒక్కసారి బంద్ చేస్తే ఫిట్స్ దాక పోతది. చేర్చుకునే ఫారంల "కల్లు, సారా, నిద్రమాత్రలు, బీడీ, తంబాకు: రోజుకు ఎంత, ఆఖరుసారి ఎప్పుడు" అని ఒక వరుస ఉండాలె. సిగ్గు లేకుండ అడగాలె, సిగ్గు లేకుండ చెప్పాలె.

చందు గారు, మీ నాయినది ఏ ఇన్సులిన్? మామూలు 30/70 (తొందరగ పనిచేసేది, మెల్లగ పనిచేసేది కలిపింది) అయితే తినడానికి అర్ధగంట ముందు వెయ్యాలె. ఆ తర్వాత తినకపోతే మొన్నటి లెక్కనే అయితది. అదే అనలాగ్ రకం (ఇంకా తొందరగ పనిచేసే కొత్త రకం) మిక్స్ అయితే పళ్లెం ముందట పెట్టుకొని వెయ్యచ్చు, తిన్న వెంటనే కూడ వెయ్యచ్చు. తిండి మీద నమ్మకం లేని ముసలోళ్లకు మార్చే వీలున్నదా అని డాక్టర్‌ను అడగండి. ధర ఎక్కువే. ఇంకోటి, నడివయసోళ్లకు పెట్టే షుగర్ టార్గెట్ ఈయనకు పెట్టొద్దు. ఇన్ని రోగాలున్న పెద్దోళ్లకు మూడు నెలల సగటు షుగర్ చూపే HbA1c పరీక్ష 8 లోపల ఉంటే చాలంటరు. ఇంక దించుదామని పోతే రాత్రి పడిపోతది.

సాయంత్రం ఆరున్నరకు అన్నం పెట్టి పొద్దున ఎనిమిదింటి దాక ఏం పెట్టకపోవడం ఇన్సులిన్ వేసుకునే మనిషికి అన్యాయం. పడుకునే ముందు ఏదన్న చిన్న తిండి ఉండాలె.

చిట్యాల చందు
30/70 నే. డాక్టర్ దగ్గరికి రేపు పోతున్న.

ఇంకో సంగతి రాయడం మర్చిన. రాత్రి రెండు రెండున్నరకు లేస్తడు. "కరెంటొచ్చింది, మోటరెయ్యాలె" అని మంచం దిగబోతడు. మాకు బోరుబావి వ్యవసాయం, ఎన్నో ఏండ్లు అర్ధరాత్రి కరెంటు కోసం కాసుకొని ఉన్నడు. హోమ్‌ల రెండుసార్లు కిందపడబోయిండంట. ఇప్పుడు నిద్రమాత్ర ఇస్తున్నరు. పొద్దుగాల పది దాక మత్తుల ఉంటడు, అందుకే ఇడ్లీ కూడ తినడు అనుకుంటున్న.

మునుగోడు మాస్టారు
మా నాన్నగారు కూడా అంతే. త్రీఫేజ్ కరెంటు రాత్రిపూట వచ్చిన కాలంలో బతికిన రైతుల శరీరంలో ఆ గంట అలాగే నిలిచిపోయింది. మేము "మోటరు వేసినం బాపూ, ఆటో స్టార్టరు పెట్టినం, నీళ్లు పారుతున్నయి" అనేవాళ్లం. "మడి నిండినంక చెప్పు" అని పడుకునేవారు. కరెంటు ఎక్కడిది, ఇక్కడ పొలం లేదు అని వాదిస్తే మాత్రం తెల్లారేదాకా గొడవే.

కోదాడ కుర్రోడు
మాస్టారూ, మా తాత కూడ ఆటో స్టార్టర్ పేరు చెప్తేనే నమ్మేటోడు. మనవడి మాట నమ్మడు, స్టార్టర్‌ను నమ్ముతడు 🙂

నర్సక్క ఒహాయో
మాస్టారు గారి మాట పక్కాగ ప్లాన్‌ల రాయాల్సిందే, అక్షరం మార్చకుండ. ఆ డ్యూటీల ఎవరున్నా అదే జవాబు చెప్పాలె.

కాని తమ్మీ, ఆ రెండు గంటల లేవుడు వెనుక ఇంకా రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి మూత్రం. షుగర్ ఉన్న మనిషి, పైన ప్రోస్టేట్ వయసు. మూత్రం వస్తుందని చెప్పే మాట దొరకక మోటరు అంటుండేమో. రెండు, అదే టైంకు షుగర్ పడిపోతుండొచ్చు. ఒక వారం రాత్రి రెండింటికి షుగర్ చూసి రాయమను. లేవకముందే ఒకటిన్నరకు యూరిన్ బాటిల్ పెట్టమను. ఈ రెండూ చూడకుండ నిద్రమాత్ర ఇస్తే, పడిపోయిన షుగర్‌ను నిద్ర అనుకొని వదిలేస్తరు. నాకు భయం అక్కడ.

ఇంకా, మతిమరుపు ఉన్న మనిషి ఒకటి రెండు రోజులల్ల హఠాత్తుగ మారితే రోగం ముదిరిందని ఊరుకోవద్దు. మూత్రంల ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కడన్న నొప్పి, కొత్త మందు, ఈ నాలుగూ వెతకాలె.

మందులషాపు రవి
నిద్రమాత్ర మీద నేను కూడ అదే రాద్దామనుకున్న. 65 దాటినోళ్లకు ఆ రకం మందులతోని కిందపడుడు, తికమక పెరుగుతయి. అయితే రోజూ ఇస్తున్నది ఒక్కసారి ఆపొద్దు, డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకుంట పోవాలె. ఎవరు రాసిండ్రో అడగండి. చీటి లేకుండ ఇస్తుంటే అది వేరే మాట్లాడాల్సిన సంగతి.

ఫిజియో సుధ
నల్లగొండల ప్రాక్టీసు. ఫ్లోరోసిస్ వెన్ను ఉన్నోళ్లు నా దగ్గరికి చాన మంది వస్తరు. చందు గారి నాయిన విషయంల నాకు అన్నిటికన్న భయం పెట్టింది ఆ "గుంజి తిప్పుడు".

ఈ ఎముక ఎక్స్‌రేల తెల్లగ, దిట్టంగ కనబడుతది. లోపల పెళుసు. వెన్నుపూసల లోపల నుంచి పోయే నరాల దారి ఇరుకైపోయి ఉంటది, మెడ దగ్గర మరీ. ఒక్క ఉదుటున గుంజితే కాళ్లు చేతులు పడిపోయే ప్రమాదం ఉన్నది. పక్కటెముకలు కూడ బిగుసుకుంటయి కాబట్టి ఊపిరి లోతుగ పోదు, వంగకుండ పడుకోబెడితే ఆయాసం. గోడ చార్టుల ఇవేవీ ఉండవు.

తిప్పే పద్ధతి ఇది. నడుము కింద, భుజాల కింద వచ్చేటట్టు ఒక గట్టి దుప్పటి అడ్డంగ ఎప్పుడూ పరిచే ఉంచాలె. ఇద్దరు మనుషులు, ఒక పక్క ఒకరు. దుప్పటి అంచు మనిషికి దగ్గరగ చుట్టి పట్టుకొని, ఒకటి రెండు మూడు అనుకొని, తల, భుజం, నడుము, మోకాలు ఒకేసారి కదలాలె. మధ్యల మెలిక పడొద్దు. తల కింద దిండు ఆయన వంపుకు సరిపోయేంత ఎత్తు ఉండాలె, అందరికిచ్చే పలచటి దిండు పెడితే మెడ గాల్ల వేలాడుతది. మోకాళ్ల మధ్య ఒకటి, వీపుకు ఒకటి. మడిమలు పరుపుకు తగలకుండ పిక్క కింద మెత్త పెట్టాలె.

పడిపోయిన చెయ్యి పట్టి ఎప్పుడూ లేపొద్దు, భుజం కీలు జారుతది. చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు అది ఆఖర్న. ఇది ఆయాలకు ఒక్కసారి చూపిస్తే చాలు, వాళ్లకు కూడ పని అల్కగ అయితది.

పాలమూరు పద్మ
సుధ గారూ, ఇద్దరు మనుషులు అన్నరు. రాత్రి మా దగ్గర ఉన్నదే ఇద్దరు. రెండు గంటలకోసారి పదకొండు మందిని ఇద్దరు కలిసి తిప్పుకుంట పోతే, ఇంకెవరన్న పిలిస్తే పోయేది ఎవరు?

ఫిజియో సుధ
అందరికీ ఇద్దరు అక్కర్లేదు పద్మక్కా. ప్లాన్ విడిగ రాసేది అందుకే గదా. పదకొండు మందిల ఎవరికి ఒక్కరు చాలు, ఎవరికి ఇద్దరు తప్పదు, ఎవరు చెయ్యందిస్తే తామే తిరుగుతరు అని విడదీయండి. గాలి పరుపు ఉన్నోళ్లకు, ఒంట్ల కండ ఉన్నోళ్లకు చర్మం చూసుకుంట టైం కొంచెం పెంచొచ్చు. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి చూడండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే పర్వాలేదు, నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. అక్కడ రుద్దొద్దు, పౌడర్ మర్దన చెయ్యొద్దు, నడుమ బొక్కున్న గాలి ట్యూబు మీద కూసోబెట్టొద్దు.

పాలమూరు పద్మ
ఇది ఒప్పుకుంట. విడదీసి చూస్తే మాకు ఇద్దరు తప్పనిసరి అయ్యేది నలుగురికే.

దేవరకొండ నాయక్
రోగాల గురించి అందరు రాసిండ్రు, భాష గురించి ఎవరు రాయలే. మా అమ్మ తండాల పుట్టి తండాల పెరిగింది. తెలుగు బాగనే మాట్లాడేది. మతిమరుపు వచ్చినంక తెలుగు మొత్తం పోయింది, లంబాడి ఒక్కటే మిగిలింది. హోమ్‌ల ఎవరికి రాదు. నీళ్లు అడిగితే తెల్వదు, కడుపునొప్పి అంటే తెల్వదు. "గొడవ చేస్తది, కొడుతది" అని రిపోర్టుల రాసిండ్రు. నేను పోయి కూసుంటే ఏ గొడవ లేదు.

ఆఖరికి నీళ్లు, ఆకలి, నొప్పి, బయటికి, చలి, భయం, అన్నిటికి లంబాడి మాటలు తెలుగు అక్షరాలల్ల రాసిచ్చిన. ఊడ్చే ఆమె పక్క తండా మనిషే అని అప్పుడు బయటపడ్డది. ఇప్పుడు స్నానం టైం ఆమె డ్యూటీకి కలిపిండ్రు. పాత గాజులు తీసేసిండ్రు గదా, అవి కూడ మళ్లీ వెయ్యమన్న, తడుముకుంటదని. చెయ్యి గీసుకుంటదంటే మెత్తటివి తెచ్చిచ్చిన. కొట్టుడు చాన తగ్గింది.

నర్సక్క ఒహాయో
నాయక్ అన్నా, "గొడవ చేస్తది" అని రాయడం, "నొప్పి చెప్పుకోలేకపోతుంది" అని రాయడం, ఈ రెండింటికి మందులే వేరైతయి. మాట రానోళ్ల నొప్పికి మేం ఐదు చూస్తం: ఊపిరి ఎట్లున్నది, మూలుగుతున్నరా, ముఖం ముడుచుకున్నదా, ఒళ్లు బిగబట్టిండ్రా, ఓదారిస్తే ఊరుకుంటున్నరా. ఒక్కోదానికి సున్న నుంచి రెండు మార్కులు, మొత్తం పదికి. చదువు రాని ఆయా కూడ వేళ్లతోని చెప్పగలదు.

జడ్చర్ల జంక్షన్
వాణి గారి మాటకు జవాబు ఆలస్యమైంది. మా అమ్మకు తోడు ఎవరూ లేరు, నిజమే. ఇంట్ల చూసేటోళ్లకు కూడ ఈ థ్రెడ్ పనికొస్తది, ఆ దుప్పటి పద్ధతి మా మామయ్యకు చెప్పిన. కాని ఒక మాట మాత్రం మార్చుకోను. ఎంత మంచి ప్లాన్ రాసినా ఇంటోళ్లు పోకపోతే అది నడవది.

వనపర్తి వాణి
దీనికి నేను అడ్డం చెప్పను.

వకీలు సాబ్
చట్టం సంగతి అడిగేలోపే రాస్తున్న. 2007 తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం ఒకటన్నా రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పొచ్చు. ఆశ్రమాల ప్రమాణాలకు పథకం కూడా రాష్ట్రమే నిర్ణయించొచ్చు. ఒక్కొక్కరికి విడిగా కేర్ ప్లాన్ ఉండాలన్న మాట మాత్రం ఆ చట్టంలో లేదు. అమెరికాలా 48 గంటల నియమం చూపించి మేనేజర్‌ను నిలదీయలేరు.

అందుకే చేర్పించేటప్పుడు సంతకం పెట్టే ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఏయే సేవలు, రాత్రి ఎంతమంది, ఎప్పుడు ఆసుపత్రికి తరలిస్తారు, ఎవరికి చెబుతారు. ఇప్పటికే చేర్పించినవాళ్లు అనుబంధంగా ఒక పేజీ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టొచ్చు. నిర్లక్ష్యం, హింస అనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కు చెప్పొచ్చు.

పేషెంటు వివరాలు మంచానికి వేలాడదీయడం మీద నాకు అభ్యంతరం ఉంది. ఎవరికి ఏ జబ్బో, ఎవరికి డైపరో వచ్చేపోయే చుట్టాలందరూ చదవాల్సిన పని లేదు.

పాలమూరు పద్మ
వకీలు సాబ్, మంచం పక్క అల్మారా తలుపు లోపలి వైపు అంటిస్తే? మేం కొందరికి అట్లనే చేస్తున్నం. ఒక్కటే పేజీ. చదువు రానోళ్ల కోసం బొమ్మలు: ఇద్దరు మనుషుల బొమ్మ ఉంటే ఇద్దరు తిప్పాలె, గిన్నె బొమ్మ ఉంటే మెత్తటి తిండి, చెయ్యి మీద ఎర్ర గీత ఉంటే ఆ చేతికి బీపీ చూడొద్దు.

వకీలు సాబ్
లోపలి వైపు అయితే సరే.

మిర్యాలగూడ మంజుల
ఆ చెయ్యి బొమ్మ మా అత్తమ్మకు కూడ కావాలె. వారానికి మూడు డయాలసిస్‌లు. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికే బీపీ పట్టీ చుట్టిండ్రు ఒకసారి. డయాలసిస్ నుంచి వచ్చిన సాయంత్రం నీరసంగ ఉంటే "వ్యాయామం" అని నడిపించిండ్రు. అది చాలదన్నట్టు చూడొచ్చినోళ్లు ప్రేమతోని కొబ్బరినీళ్లు తెచ్చిస్తరు. వాటితోని ఒంట్ల పొటాషియం పెరిగితే గుండెకే ముప్పు అంటే "కొబ్బరినీళ్లకు ఏమైతదమ్మా" అంటరు. చుట్టాల కోసం కూడ ఒక వరుస రాయాలె ప్లాన్‌ల.

చిట్యాల చందు
నిన్న కూసున్నం. మేనేజరు, నర్సమ్మ, నేను, అక్క, రాత్రి ఆయా. ఆయాను కూడ పిలవమంటే మేనేజరు "ఆమెకేం తెలుస్తది" అన్నడు, నర్సక్క మాట పట్టుకొని నేను ఊకోలే. ఆమె వచ్చినంక ఎక్కువ మాట్లాడింది ఆమెనే.

ఇడ్లీ చేత్తోని నెట్టేస్తడంట. ఒకరోజు ఆమె తన టిఫిన్ల నుంచి జొన్న గట్క పెరుగుల కలిపి పెడితే గిన్నె మొత్తం తిన్నడంట. మేనేజరుకు చెప్తే తిడ్తడని చెప్పలేదంట. నాకు అక్కడనే గొంతు పట్టింది. ఇంట్ల ఆయన తిన్నదే గట్క గదా. పలచటి మజ్జిగ, నీళ్లు తాగితే దగ్గు వస్తది, గట్క మింగితే దగ్గు లేదని కూడ ఆమె చెప్పింది.

డాక్టర్ ఇన్సులిన్ మార్చిండు, అన్నం ముందట పెట్టుకొని వేసే రకం. రాత్రి తొమ్మిదింటికి చిన్న గిన్నెల గట్క. నిద్రమాత్ర సగం చేసి రెండు వారాలకు ఆపమన్నడు. రాత్రి రెండింటి షుగర్ చూసుడు మొదలుపెట్టిండ్రు. ఒకటిన్నరకు యూరిన్ బాటిల్. "మోటరేసినం, ఆటో స్టార్టరు పెట్టినం" అన్న మాట నర్సమ్మ నవ్వుకుంటనే రాసుకున్నది, కాని రాసుకున్నది. మంచం ఎత్తు తగ్గించిండ్రు.

ఒప్పుకోనివి కూడ ఉన్నయి. ఆరింటి స్నానం మార్చలేమన్నరు, నీళ్లు వేడిచేసే మనిషి ఆ టైంకే వస్తడంట. గాలి పరుపు మేమే తెచ్చుకోవాలె. తిప్పడానికి ఇద్దరు అంటే పగలు సరే, రాత్రి చూస్తమన్నరు. రాత్రిదే నాకు ఇంకా గుబులు.

మునుగోడు మాస్టారు
ఆరింటి స్నానం మార్చాలని పట్టుబట్టండి చందూ. బిగుసుకున్న కీళ్లు తెల్లవారుజామున ఇంకా బిగుసుకుని ఉంటాయి. ఎండెక్కిన తర్వాత, కాస్త కదిలించిన తర్వాత అయితే నొప్పి తక్కువ. స్నానం మధ్యాహ్నానికి మార్చలేకపోతే పొద్దున తడిబట్టతో తుడిచి, వారానికి రెండు మూడుసార్లు పగటిపూట స్నానం చేయించమనండి.

నర్సక్క ఒహాయో
మాస్టారు గారి లెక్క బాగున్నది, అదే అడుగు. దగ్గు సంగతి తేలికగ తీసుకోవద్దు తమ్మీ. పక్షవాతం వచ్చిన మనిషికి పలచటివి దారి తప్పి ఊపిరితిత్తుల్లకు పోతయి, ఈయనకు ఊపిరి ముందే తక్కువ. మింగుడు పరీక్ష చేసే స్పీచ్ థెరపిస్టుకు ఒకసారి చూపించు. అప్పటిదాక లేపి కూసోబెట్టి, చిన్న చెంచాతోని, మంచిగున్న పక్కకు పెట్టాలె. తిన్నంక అర్ధగంట పండబెట్టొద్దు.

ఆ ఆయాను మాత్రం కాపాడుకోవాలె. గట్క పెట్టినందుకు ఎవరూ ఏమనొద్దని మేనేజర్‌తోని మాట తీసుకో. తిడ్తరన్న భయం ఉన్నచోట ఏ ఆయా కూడ నిజం చెప్పదు. నెలకోసారి కూసునే తారీఖు కూడ ఇప్పుడే రాయించు. మధ్యల ఆసుపత్రిల ఉండి వస్తే పాత కాగితం తీసేసి మళ్లీ మొదటి నుంచి రాయాలె. మందులు అప్పుడే తారుమారైతయి.

పాలమూరు పద్మ
మా ఓనర్‌తోని మాట్లాడిన. నెలకు నలుగురివి చొప్పున రాసుకుంట పోదామన్నడు, ముందు ఆ ఇద్దరు మనుషులు తప్పనిసరి అయిన నలుగురివి. కల్లు, నిద్రమాత్రల వరుస ఫారంల కలిపేసినం. నాయక్ అన్నా, ఆ లంబాడి మాటల కాగితం ఇక్కడ పెడ్తరా? మా దగ్గర కూడ ఇద్దరున్నరు.

దేవరకొండ నాయక్
ఈ రాత్రికి పెడ్త అక్కా. వీలైతే వాళ్ల తండా పేరు చెప్పుండ్రి, తెలిసినోళ్లు ఉంటే ఫోన్‌ల మాట్లాడిస్త.

చిట్యాల చందు
రాత్రి తిప్పుడు గురించి మేనేజరు ఇప్పుడే ఫోన్ చేసిండు. ఆయాలకు పద్ధతి ఎవరన్న చూపిస్తే ఇద్దరితో చేయిస్తం, నర్సమ్మ కూడ ఒక చెయ్యి వేస్తది అన్నడు. సుధ గారు, మీకు వీలైతదా?

ఫిజియో సుధ
శనివారం మధ్యాహ్నం నల్లగొండలనే ఉంట. పగలోళ్లు, రాత్రోళ్లు డ్యూటీ మారే టైంకు వస్త, అందరికీ ఒకేసారి చూపించొచ్చు. గట్టి దుప్పటి ఒకటి, దిండ్లు నాలుగు తయారుగ పెట్టమనండి. మెడ ఎక్స్‌రే ఉంటే అది కూడ తెండి. ముందు అది చూసినంకనే నాయినను ముట్టుకుంట.